పసర్ణీ ఘాట్‌లో కాగిన ఇంజన్

పాత కారు ఇంజన్ కాగిపోవడాన్ని రోగమంటారేమిటండీ? అది వరం! ఎక్కడా ఆగకుండా దూసుకుపోయే కొత్త కార్ల వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. మా వాయి ఊరి నుంచి కొండ మీది పాంచ్‌గణికి పసర్ణీ ఘాట్ రోడ్డు పన్నెండు కిలోమీటర్లు. అరగంటలో ఎక్కేస్తారు పాపం! ఇక చూసేదేముంది?

నేను చూశాను. మూడేళ్ళుగా ఒక్కో మలుపునీ గంటేసి సేపు చూశాను. నాలుగో మలుపులో వడాపావ్ అమ్మే భాగీరథీబాయి, నా బానెట్ మీద ఆవిరి కనబడగానే పొయ్యి మీద టీ పెట్టేస్తుంది. ఇంత మర్యాద మంత్రులకైనా జరుగుతుందా? పైగా ఇంజన్ వేడి లాగెయ్యాలని మే నెల ఎండలో హీటర్ వేసుకుని కూర్చుంటాం. పట్నంలో ఆవిరి స్నానానికి జనం క్యూ కడుతున్నారు, మాకు సీట్లోనే!

ఇక వైద్యం సంగతి. మా దగ్డూ మేస్త్రీ చెయ్యి తిరిగినవాడు. మొదట థర్మోస్టాట్ పీకి పారేశాడు. "మన ఎండలకి ఇదెందుకు సాహెబ్? చలి దేశాలోళ్ళ సోకు!" అన్నాడు. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. వాటర్ పంపు మార్చాడు. దాటింది. రేడియేటర్ కడిగాడు, ఫ్యాన్ బెల్టు బిగించాడు, హెడ్ గాస్కెట్ కొత్తది వేశాడు. అయినా దాటింది. కారుతో పాటు పుట్టిన సామాను ఇప్పుడు హారనొక్కటే.

మొన్న ఆదివారం మాత్రం ప్రాణం మీదికొచ్చింది. పాంచ్‌గణిలో మా బావమరిది కొడుక్కి బారసాల. మా ఆచారంలో మేనత్త పిల్లాడి చెవిలో చెబితేనే పేరు. ఆ మేనత్త మా ఆవిడ ఇందుమతి. ముహూర్తం పన్నెండింటికి. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ముందుజాగ్రత్తగా దగ్డూని కూడా వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరాను.

నాలుగో మలుపు. ఆవిరి. టీ.

దగ్డూ కారు ముందు గొంతుక్కూర్చుని తల గోక్కున్నాడు. "సాహెబ్, ఒక్క మాట. కోప్పడనంటేనే."

"చెప్పు."

"రేడియేటర్ ముందు జాలీకి అడ్డంగా ఈ బోర్డుంది చూశారూ... లోపలికి గాలెట్టా పోతది?"

రెండున్నర అడుగుల రేకు బోర్డు. ఎర్ర రంగు మీద బంగారు అక్షరాలు: అధ్యక్షుడు, గణేశ్ మండలి. మా ఊళ్ళో పేటకో మండలి, మండలికో అధ్యక్షుడు, అధ్యక్షుడికో బోర్డు. అది లేకపోతే ఆ కారుకీ టాక్సీకీ తేడా ఏముంది?

"తెలిసీ మూడేళ్ళు చెప్పలేదేంరా?"

"అధ్యక్షుడి బోర్డు పీకమని ఏ మేస్త్రీ చెప్తాడు సాహెబ్? బతకద్దా?"

"ఆ పదవి ఊడి రెండేళ్ళయింది కదండీ," అంది ఇందుమతి చల్లగా.

"బోర్డు తీసేది లేదు!" అన్నాను.

"అయితే మీరూ మీ బోర్డూ ఇక్కడే కాపురం పెట్టండి." పైకి వెళ్తున్న ఎర్ర బస్సుని చెయ్యెత్తి ఆపి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కేసింది.

మీ దగ్గర దాపరికమెందుకు? నాకు భయమేసింది. ఆ రేకు ముక్క లేకపోతే నన్నెవడు పలకరిస్తాడు? నా కోసం ఎవడాగుతాడు? గంటన్నర తర్కించి, చివరికి దగ్డూ చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని నేనే విప్పాను. దిక్కుమాలిన ముల్లు! పాంచ్‌గణి దాకా సగానిక్కూడా లేవలేదు.

రెండు కావస్తుండగా చేరాను. పేరు పెట్టేసి ఉంటారు, ఓ మూల కూర్చుని తినేసి వద్దామనుకుంటూ గుమ్మంలో కాలు పెట్టాను. నలభైమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు! నేను పదవిలో ఉన్న రోజుల్లో ఒక్కడు లేచాడా?

"వచ్చావా బావా!" బావమరిది దాదాపు ఏడ్చాడు. "మా ఆయన రానిదే పేరు చెప్పనని అక్క భీష్మించుక్కూర్చుంది. ఇంటిల్లిపాదికీ పస్తులే!"

ఇందుమతి నా వంకైనా చూడకుండా ఉయ్యాల మీదికి వంగి, పిల్లాడి చెవిలో పేరు చెప్పింది. అంతే, నలభైమందీ నన్ను తోసుకుంటూ విస్తళ్ళ వైపు పరుగు తీశారు. ఒక్కడైనా దారివ్వలేదండీ, మాజీ అధ్యక్షుణ్ణని కూడా చూడకుండా!