టైర్లు కుదిరేదాకా యుద్ధం వాయిదా

ప్రపంచ శాంతికి తిరుగులేని మార్గం ఒకటుంది. ప్రస్తుతం అది మా ఇంటి వెనక అద్దాల గదిలో, నా టమాటా నారు ఉండాల్సిన చోట, కప్పుదాకా పేర్చి ఉంది. కాస్త వాసన వేస్తుంది. దాన్ని ఉమ్మడి టైర్ల కొనుగోలు అంటారు.

నవ్వకండి. నేను చదువుకున్నదాన్ని. గ్రోనింగెన్‌లో చరిత్ర చదివి పట్టా పుచ్చుకుని, ఆ పట్టాని మెట్ల కింద అలమరలో భద్రంగా పెట్టి, సంసారంలో పడ్డదాన్ని. యుద్ధాలు ఎందుకు మొదలవుతాయో కాలేజీలో చెప్పారు. మొదలవకుండా ఎలా ఆపాలో మాత్రం మా ఆయన లామెర్ట్ దగ్గరే నేర్చుకున్నాను.

చాలా తేలిక. సైన్యాధిపతులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. తలా ఒక కాఫీ, తలా ఒక బిస్కెట్ ఇవ్వండి. రెండో బిస్కెట్ ఇవ్వకండి, వెంటనే డబ్బా మూత పెట్టేయండి. మేం తరతరాలుగా అలాగే చేస్తున్నాం, మా దేశానికి ఏ లోటూ రాలేదు. ఆ తర్వాత "మీ బండ్లన్నిటికీ పాత నమూనా టైర్లు అందరూ కలిసి ఒకే ఆర్డరుగా కొనుక్కోండి" అని చెప్పి తలుపు వేసి వచ్చేయండి. ఇక మీ సరిహద్దులో కాపలా అక్కర్లేదు. ఒక్క బండి గేటు దాటితే నన్ను అడగండి.

మా గేటు ఒక్క బండీ దాటకుండా మూడు వసంతాలు గడిచాయి.

మా ఆయనకి రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు ఒకటి ఉంది. మా డ్రెంతె జిల్లా పల్లెల్లో కొందరు మగవాళ్ళు పావురాలు పెంచుతారు, మావాళ్ళు పాత మిలిటరీ బండ్లు పెంచుతారు. పెంచడమనే అనాలి. చలికాలం దుప్పట్లు కప్పుతారు, తుమ్మినట్టు చప్పుడు వస్తే రాత్రంతా దిగులుపడతారు, ఎండ రాగానే బయటికి తీసి చూపిస్తారు. ముఖ్యంగా ఏప్రిల్లో, ఆ యుద్ధంలో మా ఊరికి శత్రుసైన్యం నుంచి విముక్తి వచ్చిన రోజున. కెనడా కుర్రాళ్ళు కాలవ మీది వంతెన దాటి చర్చిదాకా ఏ దారిన వచ్చారో, అదే దారిన బండ్లన్నీ నడక వేగంతో ఊరేగుతాయి.

ఆ కుర్రాళ్ళు వచ్చినప్పుడు మా అత్తయ్య హిల్లెకి తొమ్మిదేళ్ళు. జీపు వెనకే చర్చిదాకా పరుగెత్తింది. ఎక్కించుకోమని అడుగుదామంటే వాళ్ళ భాష రాదు. ఆ అడగాల్సిన మాట ఎనభై ఏళ్ళు కడుపులో దాచుకుని, ఒకనాడు కొడుకుని అడిగింది. "ఒక్కసారి నన్ను నీ జీపులో వంతెన దగ్గర్నుంచి చర్చిదాకా తీసుకెళ్ళరా."

మా అత్తయ్య ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఉప్పు కావాలన్నా తనే లేచి తెచ్చుకుంటుంది. మా ఆయన వెంటనే సరేనన్నాడు.

అంతలో ఎగ్‌బెర్ట్ వచ్చాడు.

ఎగ్‌బెర్ట్ పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఈ పాత బండ్లవాళ్ళ క్లబ్బులో బండ్ల అసలు రూపానికి ఆయనే కాపలాదారు. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది. జీపు కింద అది పెట్టి చూసి, లేచి, చేతులు తుడుచుకుని, మెల్లగా చెప్పాడు. "లామెర్ట్, ఈ టైర్ల మీది గీతలు యుద్ధం అయిపోయాక వచ్చిన రకం."

మా ఆయన మొహం మీరు చూడాల్సింది. నాకు ఇంకో మగాడితో స్నేహం ఉందని చెప్పినా అంతగా పాలిపోయి ఉండడు.

వారం తిరక్కుండా, శుభ్రంగా నడుస్తున్న టైర్లు నాలుగూ పీకి అమ్మేశాడు. జీపుని చెక్క దిమ్మల మీదికి ఎక్కించాడు. "ఏప్రిల్లోపు సరైనవి వచ్చేస్తాయమ్మా" అన్నాడు.

"ఏ ఏప్రిల్రా?" అని అడిగింది అత్తయ్య.

ఎగ్‌బెర్ట్ అద్దం అక్కడితో ఆగలేదు. క్లబ్బులో ప్రతి జీపు కిందా దూరింది. పదిహేను రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ జీపులన్నీ దిమ్మలెక్కాయి. ఏ శాంతి ఒప్పందమైనా ఇంత తొందరగా ఇన్ని సైనిక వాహనాలని ఆపిందా? చరిత్ర చదివాను కాబట్టి చెబుతున్నాను, లేదు.

సరైన టైర్లు కొట్లో దొరకవు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పాత అచ్చు ఉందట. ఒకడి కోసం దాన్ని వేడి చెయ్యరట, తగినంతమంది చేరాలట. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు. మా అమ్మ కూడా ఒక్కరి కోసం పెనం పొయ్యి మీద పెట్టేది కాదు. అలా ఉమ్మడి కొనుగోలు పుట్టింది. మా ఆయన నిర్వాహకుడయ్యాడు.

దీనివల్ల లాభాలు ఇన్నీ అన్నీ కావు. మొదటిది సంసారంలో ప్రశాంతత. అదివరకు భోజనాల దగ్గర మాట్లాడుకునేవాళ్ళం, మాట్లాడుకుంటే పోట్లాట వచ్చేది. ఇప్పుడు ఆయన ఫోన్లో గ్రూపు చూసుకుంటాడు, నేను ఆయన ప్లేట్లోని సాసేజ్ తినేస్తాను. ఇద్దరమూ తృప్తిగా లేస్తాం.

రెండోది ప్రజాస్వామ్యం. మా పార్లమెంటులో లేని పార్టీలు మా ముందుగదిలో ఉన్నాయి. జీపుకి నాలుగు టైర్లు చాలనే వర్గం ఒకటి. వెనక తగిలించే స్టెప్నీతో కలిపి ఐదూ కొత్తవే కావాలనే వర్గం ఒకటి. లోపలి ట్యూబు కూడా యుద్ధకాలం నాటి తీరులోనే ఉండాలనేది ఇంకో వర్గం. ట్యూబు టైరు లోపల ఉంటుంది కదా, దేవుడూ పంక్చరు వేసేవాడూ తప్ప దాన్ని ఎవరు చూస్తారన్నాను. "మనకి తెలుస్తుందిగా" అన్నారు. అంత నిష్ఠ మా చర్చిలో కూడా చూడలేదు.

బండే లేని ఒకాయన ఐదు టైర్లకి పేరు ఇచ్చాడు. ముందు టైర్లుంటే బండి దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. లారీ ఉన్న ఇంకొకాయన "ఎలాగూ తెప్పిస్తున్నారుగా, నావీ కలిపేయండి" అన్నాడు. లారీ టైర్లది వేరే సైజు, వేరే అచ్చు, వేరే దేశం. ఆ ముక్క ఆయనకి చెప్పడానికి శీతాకాలం సరిపోయింది.

మొదటి ఏప్రిల్ స్టెప్నీ ప్రశ్నలోనే గడిచిపోయింది. ఊరేగింపులో బ్యాండు మేళం నడిచింది, బడిపిల్లలు నడిచారు, వాళ్ళ వెనక మా క్లబ్బువాళ్ళు పాత యూనిఫాంలు వేసుకుని, బండ్లు లేకుండా, కాళ్ళతో నడిచారు. అత్తయ్య చర్చి పక్కన మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని చూసింది. "బాగా నడుస్తున్నారు" అంది.

ఎటూ తేలక ఎగ్‌బెర్ట్ చివరికి ప్రత్యక్ష సాక్షిని విచారించాలని నిర్ణయించాడు. అలాంటి సాక్షి ఊళ్ళో ఒక్కరే మిగిలారు, మా అత్తయ్య. పెద్ద చేసిన ఫొటోలు బల్ల మీద పరిచి ఎదురుగా కూర్చున్నాడు.

"పెద్దమ్మా, తొందరేం లేదు. బాగా గుర్తుతెచ్చుకోండి. ఆ రోజు జీపు టైర్ల మీద గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా?"

"నేను టైర్లు చూళ్ళేదు నాయనా."

"వెనకే పరుగెత్తారట కదా. వెనక టైర్లు మీ కళ్ళెదుటే ఉంటాయి."

"నా కళ్ళెదుట జీపులోని కుర్రాడి చేతిలో తెల్ల రొట్టె ఉంది. నీకెప్పుడైనా ఆకలేసిందా ఎగ్‌బెర్ట్?"

ఎగ్‌బెర్ట్ నిజాయితీగా ఆలోచించాడు. మూత పెట్టిన బిస్కెట్ డబ్బా కేసి చూసి, "మీ ఇంటికొచ్చినప్పుడల్లా కొంచెం" అన్నాడు.

అత్తయ్య నవ్వింది. "ఒకటి గుర్తుంది. వంతెన దిగగానే ఒక చక్రంలో గాలి పోయింది. దిగి, తిట్టుకుంటూ మార్చారు. భాష రాకపోయినా అవి తిట్లని తెలిసింది. మార్చేసి, నవ్వుకుంటూ ఊళ్ళోకి వచ్చారు."

ఎగ్‌బెర్ట్ ముందుకు వంగాడు. "దేంతో మార్చారు?"

"చక్రంతో."

"లామెర్ట్, విన్నావా? స్టెప్నీ ఉంది."

స్టెప్నీ వర్గం గెలిచింది. ఆకలి సంగతీ రొట్టె సంగతీ ఎవరికీ అక్కర్లేకపోయాయి. వాటికి గీతలు ఉండవు కదా.

రెండో ఏప్రిల్ టైరు పక్కన ఉండే అక్షరాల ఎత్తు గురించిన చర్చలో పోయింది. ఆ చలికాలంలో అత్తయ్య గుండె ఒకసారి మొరాయించింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి, మెట్లెక్కకుండా కింది అంతస్తు గదిలో మంచం వేశాం. పడుకోబెట్టగానే అడిగింది, "టైర్లు వచ్చాయా?"

"ఓడలో ఉన్నాయమ్మా" అన్నాడు మా ఆయన.

"నేనూ ప్రయాణంలోనే ఉన్నాను. ఎవరు ముందు చేరతామో చూద్దాం."

ఈసారి టైర్లే ముందు చేరాయి, మార్చిలో. లారీ తిరగడానికి మా సందే వెడల్పు అన్నారు. అందరి టైర్లూ మా ఇంట్లోనే దిగాయి. ఇదీ ఒక వరమే. కొత్త రబ్బరు వాసనకి ఎలుకలు పోయాయి, చిమటలు పోయాయి, వారం ఉందామని వచ్చిన మా ఆడపడుచు మర్నాడే పోయింది. నా కోటు వాసనకి పాస్టరుగారు ఏదో కాలుతోందనుకుని మాటిమాటికీ చర్చి హీటరు కేసి చూస్తున్నారు. ప్రసంగాలు ఇప్పుడు పొట్టిగా ఉంటున్నాయి.

ఇక బిగించడమే తరువాయి అనుకున్నారా? మీకు ఉమ్మడి కొనుగోలు అంటే ఏమిటో ఇంకా తెలియలేదు.

ఎగ్‌బెర్ట్ అద్దం పెట్టి చూశాడు. టైరు పక్కన చొక్కా బొత్తామంత గుర్తు. అది ఈ కాలపు రోడ్డు భద్రత ముద్ర, యుద్ధంలో లేదు. ముద్ర ఉంటే టైరు అసలైనది కాదు. ముద్ర లేకపోతే రోడ్డెక్కకూడదు. గీకేద్దామని కొందరు, వెనక్కి పంపుదామని కొందరు. కాస్త బురద పూస్తే కనపడదు కదా అన్నాను నేను.

"ఏ బురద?" అన్నాడు ఎగ్‌బెర్ట్.

నిజమే. దానికీ ఒక ఉమ్మడి కొనుగోలు కావాలి.

బిగించిన టైరు ఫ్యాక్టరీవాళ్ళు వెనక్కి తీసుకోరట. అందుకని సంగతి తేలేదాకా ఎవరూ ఒక్కటీ బిగించకూడదని తీర్మానం అయింది. ఊరేగింపు శనివారం. శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన మళ్ళీ మీటింగుకి, ఈసారి ఎగ్‌బెర్ట్ ఇంటికి, బయల్దేరుతుంటే గుమ్మంలో అడిగాను, "మరి మీ అమ్మ?"

"నిర్వాహకుణ్ణి నేనే ముందు బిగించుకుంటే ఎలా ఉంటుంది చెప్పు?"

"బండి కదులుతుంది. అలా ఉంటుంది."

బూట్ల కేసి చూసుకున్నాడు. "ఇవాళ తేలిపోతుందిలే" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను రోడ్డు దాటి, ఆవులు పెంచే ఫెన్నా దగ్గరికి వెళ్ళాను.

"ఫెన్నా, నీ పాత గడ్డి ట్రాలీ టైర్లు ఏ సైజు?"

"ఎవరికే?"

"అత్తయ్యకి."

"ఆవిడకి ఏ సైజైనా వదులే" అంటూ వంగి టైరు పక్కన అంకె చదివింది. జీపుదీ అదే అంకె. "పేడ అంటుకుని ఉంది. కడగనా?"

"ఉండనీ. ఎగ్‌బెర్ట్ మరీ దగ్గరికి వంగకుండా ఉంటాడు."

నా చరిత్ర పట్టా ఆ మధ్యాహ్నం మొదటిసారి బరువుగా పనికొచ్చింది. నేను టైరు మీటే ఇనప కడ్డీ మీద కూర్చున్నాను, ఫెన్నా టైరు ఎక్కించింది. నాలుగూ అయ్యాయి. జాకీ దించితే, మూడేళ్ళ తర్వాత జీపు నేల మీద నిలబడింది.

మర్నాడు మా ఆయన యూనిఫాం వేసుకుని, నడవడానికి సిద్ధపడి బయటికొచ్చాడు. జీపు ముందు సీట్లో వాళ్ళమ్మ. చర్చికి వేసుకునే కోటు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, దాని మీద మా మీటింగుల బిస్కెట్ డబ్బా. ఆయన చక్రాలు చూశాడు.

"ఇవి ట్రాలీ టైర్లు."

"నువ్వు తోలుతావా, ఫెన్నాని పిలవనా?" అంది అత్తయ్య.

ఆయన వాళ్ళమ్మ కేసి చూశాడు. టోపీ సర్దుకుని ఎక్కాడు. తాళం తిప్పాడు.

వంతెన దగ్గర ఆ ఏడాది ఒకే ఒక్క జీపు. ఎగ్‌బెర్ట్ అద్దం తీసి వంగాడు, వాసన తగిలి లేచాడు. "లామెర్ట్, ఇదేం పని? ఈ గీతలు అడ్డమూ కావు, ఏటవాలూ కావు. నిలువు."

"ఇవే" అంది అత్తయ్య పైనుంచి.

"ఏవి?"

"ఆ రోజు టైర్లు. నిలువు గీతలే."

"పెద్దమ్మా, మీరు టైర్లు చూళ్ళేదన్నారు."

"కింద నిలబడితే గుర్తు రాలేదు. పైన కూర్చుంటే గుర్తొచ్చింది. పోనీరా లామెర్ట్."

జీపు కదిలింది. వెనక పిల్లలు పరుగెత్తారు. అత్తయ్య డబ్బా మూత తీసి, అందిన ప్రతి చేతిలోనూ రెండేసి బిస్కెట్లు పెట్టింది. రెండేసి. పక్కన నడుస్తున్న ఎగ్‌బెర్ట్‌కీ రెండు ఇచ్చింది. ఆయన ఒకటి తిని, రెండోదాన్ని ఏం చెయ్యాలో తెలియక, చేత్తో పట్టుకుని చర్చిదాకా అలాగే నడిచాడు. చర్చి దగ్గర దించబోతే అత్తయ్య దిగనంది. ఇంకోసారి తిప్పమంది. తిప్పాడు.

సోమవారం గ్రూపులో ఎగ్‌బెర్ట్ కబురు వచ్చింది. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం మారినందున నిలువు గీతల టైర్లకి కొత్తగా ఉమ్మడి కొనుగోలు మొదలవుతోందట, పేర్లు ఇవ్వాలట. బండి లేని ఆయన అప్పుడే ఐదు అడిగాడు.

నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. నా సిద్ధాంతం ఇప్పటికీ అదే. ప్రతి సైన్యమూ మా క్లబ్బులాగే టైర్లు కొనుక్కుంటే ఈ భూమ్మీద యుద్ధమనేదే ఉండదు.

ఒకే ఒక్క చిన్న లోపం. ఆ కెనడా కుర్రాళ్ళు కూడా అన్నీ కుదిరాకే కదులుదామని కూర్చుని ఉంటే, మా అత్తయ్య ఇంకా ఆ వంతెన దగ్గరే నిలబడి ఉండేది, రొట్టె కోసం.