సముద్రం చూసొచ్చిన ట్రంకు పెట్టెలు

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల పౌరులకు సగర్వంగా తెలియజేయడమేమనగా, సర్కారు దఫ్తరులో హెడ్ క్లర్కుగా చేసి పింఛను పుచ్చుకున్న మా గల్లీ వామన్‌రావు గారు, ధర్మపత్ని సౌభాగ్యమ్మ గారితో కలిసి బొంబాయిలో ఓడ ఎక్కి, కొలంబో దాకా విహారం చేసి రావడానికి నిశ్చయించుకున్నారు. మా గల్లీ నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్నా, మాలో వాడీ జంక్షను దాటి అవతలికి పోయినవాళ్లు తక్కువ. అట్లాంటిది ఓడ! ఈ ప్రయాణం ఒక కుటుంబానిది కాదని, యావత్తు గల్లీదని మేము ఆ రోజే గ్రహించాము. గ్రహించని మనిషి ఒక్కరే. ఆమె సౌభాగ్యమ్మ గారు.

ఆమె సంగతి ముందు చెప్పాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ముందుగదిలో క్యాలెండరు మీది సముద్రం బొమ్మ చూసి, "నిజంగ గింత పెద్దగుంటదా అండీ?" అని అడిగిందట. "చూపిస్త, జర ఆగు" అన్నారట వామన్‌రావు గారు. ఆమె ఆగింది. పిల్లలు పుట్టారు, వాళ్ల పెళ్లిళ్లు అయినాయి, ఆఖరికి రాజ్యమే మారిపోయింది గాని ఆ 'జర' మాత్రం అయిపోలేదు. క్యాలెండర్లు మారినప్పుడల్లా ఆమె ఆ బొమ్మను కత్తిరించి కొత్తదాని మీద అంటించుకునేది. ఇప్పుడు పింఛనుతో పాటు భర్తకు తీరిక కూడా దొరికింది గనక టికెట్లు వచ్చాయి.

టికెట్లు చూసిన గంటలో సౌభాగ్యమ్మ గారు సామాను సర్దేశారు. చిన్న రేకు పెట్టె. అందులో రెండు చీరలు, దువ్వెన, కుంకుమ భరిణె, ఒక తువాలు. పెట్టె మూసి, అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుని "నేను తయార్" అన్నారు.

వామన్‌రావు గారి ముఖం మాడిపోయింది. "గిదేంది? ఒక్క పెట్టెతోని జనం దవాఖానకు పోతరు గని ఓడెక్కుతరా? చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"చూడవోయేది సముద్రాన్ని గదండీ. అదేమనుకోదు" అన్నారామె.

ఆడవాళ్లకు మర్యాదల లోతు తెలియదు. అందుచేత ఆ సాయంత్రమే ఆబిడ్స్‌లోని ఒక చాయ్ హోటలులో 'సముద్రయాన సామాను నిర్ణయ సంఘం' ఏర్పడింది. విశ్రాంత వకీలు శ్రీపతి గారిని అధ్యక్షులుగా ఎన్నుకున్నాము. ఈ కథ చెప్పే నేను కార్యదర్శిని. శ్రీపతి గారు కూడా సముద్రం చూసినవారు కారు. అయితే చిన్నతనంలో మూసీకి పెద్ద వరద వచ్చినప్పుడు గౌలిగూడలో మేనమామ గారి మేడ మీద ఉన్నవారు గనక, నీళ్లకు సంబంధించిన ఏ విషయంలోనైనా మా గల్లీకి ఆయన మాటే ప్రమాణం.

"సోదరులారా!" అని ఆయన ప్రారంభించారు. "ఆనాడు ఈ రెండు కండ్లతోని నీళ్లను చూసినోణ్ణి, అందుకే చెప్తున్న. నీళ్లల్ల మనిషికి అక్కరకొచ్చేది ఏంది? సామాను! సామాను లేక ఆనాడు ఎంతమంది ఆగమైన్రో నాకెరుక. టికెట్టు మీద ఏమో రాసిన్రట, మనిషికొక పెట్టె, ఒక చేతిసంచి చాలని. రాస్తరు. కానూను రాసేది మామూలు జనం కోసం. మన వామన్‌రావు మామూలు మనిషా? హైదరాబాదు ఇజ్జత్ మోసుకపోతున్న మనిషి. ఇజ్జత్ చేతిసంచిల పడ్తదా?"

పడదని మేమందరం బల్లలు చరిచాము. చాయ్ ఒలికింది.

అక్కణ్నుంచి పని చకచకా సాగింది. ఓడలో పొద్దున ఒక వేషం, మాపటికి ఒక వేషం వేస్తారని ఎవరో విన్నారు గనక ఆబిడ్స్ దర్జీకి షేర్వాణీలు పురమాయించాము. ఓడ కప్తాను భోజనానికి పిలిస్తే ఒకటి, పిలవకపోతే అలిగి తిరగడానికి ఒకటి. నడిసముద్రంలో దోమలు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేదు గనక దోమతెర, దాన్ని కట్టడానికి నాలుగు కర్రలు, కర్రలు నిలబడడానికి నులక మంచం చేర్చాము. ఓడవాళ్ల పచ్చడి ఎట్లా ఉంటుందో ఏమో, రుబ్బురోలు పెట్టాము. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచి ఉండలేడని మనవాళ్ల నానుడి. వామన్‌రావు గారికి విడిచి ఉండక తప్పదు గనక, ఆ నీళ్లనే మట్టి కూజాల్లో నింపి వెంట పంపాలని తీర్మానించాము.

దొడ్డుప్పు బస్తా దగ్గర ఒక చిన్న ఆక్షేపణ వచ్చింది. కిరాణా దుకాణం రాజమల్లు లేచి, "సముద్రంల ఉప్పు ఉంటదంటరు గద సాబ్, మళ్ల ఉప్పెందుకు?" అన్నాడు.

శ్రీపతి గారు జాలిగా చూశారు. "రాజమల్లూ, ఒకరి ఉప్పు తింటే వాళ్లకు విశ్వాసంగ ఉండాలె. కొలంబో దిక్కు ఉప్పు తినొచ్చి, రేపు వామన్‌రావు మన సర్కారు పింఛను ఏ ముఖంతోని తీస్కుంటడు?"

రాజమల్లు సిగ్గుపడి కూర్చున్నాడు. ఉప్పు అతని దుకాణం నుంచే వచ్చింది.

ఇక అసలు సంగతి. శ్రీపతి గారి ముందుగదిలో ఒక ట్రంకు పెట్టె ఉంది. దాని మీద ఏదో ఓడ కంపెనీ లేబులు, లేబులు మీద 'ఏడెన్' అని ఏదో రేవు పేరు ఉన్నాయి. ఆ పెట్టెను ఆయన జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల వాడి దగ్గర కొన్నారని గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిస్తేనేం? దసరాకు జమ్మి ఆకు ముందు ఆ పెట్టె మీదే పెడతాము. పిల్లనడగడానికి వచ్చినవాళ్లను దాని ఎదురుగా కూర్చోబెడతాము. అట్లాంటి లేబులు తమ పెట్టెకూ ఉండాలని గల్లీలో ఎవరికి ఉండదు?

ముందు రాజమల్లు తన పెట్టె తెచ్చాడు. "మీరెట్లయిన పోతున్నరు గద సాబ్. నా సందూకు గూడ జర సముద్రం జూసొస్తది. దానికేమన్న తిండి వెట్టాల్నా, నీళ్లు వెట్టాల్నా?"

అడిగినదాంట్లో న్యాయం ఉంది. మర్నాటికి గల్లీలోని ప్రతి ఇంటి నుంచీ ఒక పెట్టె వచ్చింది. కార్యదర్శిని గనక నావి రెండు. అయితే మనలో ఒక ఆచారం ఉన్నది కదా, ఒకరింటి నుంచి ఒకరింటికి ఖాళీ గిన్నె పోకూడదు, తిరిగి రాకూడదు. గిన్నెకే అంత పట్టింపు ఉంటే, పేర్లు రాసిన ట్రంకు పెట్టెలను ఖాళీగా సముద్రం మీదికి పంపుతామా? అరిష్టం. అందుకని ఎవరికి తోచింది వాళ్లు నింపారు. పాత బొంతలు, కందిపప్పు, పొయ్యిలోకి కట్టెలు, చచ్చిపోయిన తాతగారి పాదరక్షలు. నా రెండింటిలో ఒకదాంట్లో ఇటుకలు పెట్టాను. బరువుగా ఉంటే మర్యాదగా ఉంటుంది.

ఖాళీది ఇచ్చిన మనిషి ఒక్కతే. వామన్‌రావు గారింట్లో గిన్నెలు తోమే కొండమ్మ. "అమ్మా, గీ సీసల జరంత సముద్రం తెండ్రి. మా ముసల్దానికి కండ్లకద్దుతా" అని ఒక ఖాళీ సీసా సౌభాగ్యమ్మ గారి చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తన చిన్న పెట్టెలో, చీరల మధ్య, పగలకుండా పెట్టుకున్నారు. ఖాళీ సీసా ఎదురు తెచ్చినందుకు కొండమ్మను మేము మందలించాము.

ప్రయాణం రోజు రానే వచ్చింది. వామన్‌రావు గారి గడప నుంచి నాంపల్లి స్టేషను అయిదు నిమిషాల నడక. కాని అంత సామాను అయిదు నిమిషాల్లో స్టేషనులో పడితే చూసేదెవరు? అందుచేత తోపుడు బండ్లను, టాంగాలను ఆబిడ్స్ మీదుగా తిప్పాము. ముందు బాజా, వెనక మంచం, ఆ వెనక కూజాలు, ఆపైన పెట్టెలు. పెద్ద పోస్టాఫీసు దగ్గర జనం నిలబడి "ఎవరి పెండ్లి?" అని అడిగారు. వామన్‌రావు గారు పూలదండలతో మొదటి టాంగాలో కూర్చున్నారు. సౌభాగ్యమ్మ గారు మాత్రం తన పెట్టె చంకన పెట్టుకుని తిన్నగా నడిచిపోయి, మాకంటే ఎంతో ముందు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. ఆమె ముఖంలో ఆ రోజున్న సంతోషం, నేను అబద్ధం చెప్పను, పెళ్లికూతురి ముఖంలో కూడా చూడలేదు.

బొంబాయి బండి వచ్చింది. హమాలీలు రైలు డబ్బాలోకి సామాను ఎక్కించడం మొదలుపెట్టారు. తలుపులోంచి పట్టనివి కిటికీలోంచి తోశారు. వామన్‌రావు గారు లోపల నిలబడి "రాజమల్లు పెట్టె పైకి, శ్రీపతి గారిది ఇంకా పైకి" అని హోదాలవారీగా సర్దిస్తున్నారు. ఈలోగా బయట శ్రీపతి గారు వీడ్కోలు ఉపన్యాసం అందుకున్నారు. ఉపన్యాసం అగస్త్యుడు సముద్రాన్ని తాగిన ఘట్టానికి వచ్చేసరికి గార్డు ఈల వేశాడు.

అప్పుడు చూస్తే డబ్బాలో వామన్‌రావు గారు నిలబడిన చోటు తప్ప అరచేయి పట్టే సందు లేదు. సౌభాగ్యమ్మ గారు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉన్నారు.

"ఏమండీ, ఒక్క పెట్టె దింపుండ్రి. నేను దాని జాగల కూసుంట" అన్నారామె.

"ఎవరిది దింపాలె?" అన్నారు వామన్‌రావు గారు.

ప్రశ్న సమంజసమైనది. ఆయన మా ముఖాలు చూశారు. మేము మా పెట్టెలను చూసుకున్నాము. ఎవరి పెట్టె దింపినా ఆ ఇంటితో మాటలు బంద్. పెళ్లికి పిలుపు ఉండదు, చావుకు భుజం ఉండదు. నీళ్లు దింపితే ఆరోగ్యం, ఉప్పు దింపితే విశ్వాసం, మంచం దింపితే దోమతెర. రుబ్బురోలును అప్పటికే సౌభాగ్యమ్మ గారి బెర్తు మీద పడుకోబెట్టి, దొర్లకుండా చుట్టూ బొంతలు కూడా పెట్టాము. దింపితే ఎవరూ ఏమీ అనుకోని సామాను మొత్తం మీద ఒక్కటే కనిపించింది. అది మెట్టు మీద ఉంది.

"ఈపాలికి ఆగు సౌభాగ్యా. మళ్ల పోదాం, జర ఆగు" అన్నారు వామన్‌రావు గారు.

ఆమె కాలు కిందికి దించారు. బండి కదులుతుంటే తన పెట్టె తెరిచి, కొండమ్మ సీసా తీసి, కిటికీలోంచి ఆయన చేతికిచ్చారు. మేము జేజేలు కొట్టాము. కొండమ్మ ఒక్కతే ప్లాట్‌ఫారం మీద చతికిలబడి, "అయ్యో నా తల్లీ, రోలును తీస్కపోయి నిన్నిడిసిన్రే!" అని ఏడ్చింది. శుభమా అని ప్రయాణం సాగుతుంటే ఆ ఏడుపేమిటని శ్రీపతి గారు కసురుకున్నారు.

ప్రయాణం దిగ్విజయంగా ముగిసింది. వామన్‌రావు గారు తిరిగి వచ్చిన రోజు స్వాగతం చెప్పడానికి ముందుగా వెళ్లిన కార్యదర్శిని గనక నాకొక దృశ్యం కనిపించింది. ఆయన ప్లాట్‌ఫారం మీది గండిపేట నల్లా కింద కొండమ్మ సీసా పట్టి నింపుతున్నారు. ఉప్పు బస్తాలోంచి గుప్పెడు తీసి అందులో వేశారు. ఓడవాళ్లు పెట్టెలకిచ్చిన లేబుళ్లలో మిగిలినదొకటి నాలుకతో తడిపి సీసాకు అంటించారు. ఖాళీ సీసా తిరిగి ఇచ్చే మనిషి కారాయన. ఆచారం తెలిసినవారు.

మర్నాడు వామన్‌రావు గారి ఇంటి ముందు సన్మాన సభ. వరసగా పేర్చిన ట్రంకు పెట్టెలకు తలా ఒక పూలదండ వేశాము. ప్రతిదాని మీద లేబులు మెరుస్తున్నది. నా ఇటుకల పెట్టెకు మంచి చోట అంటించారు. శ్రీపతి గారు కొత్త లేబుళ్ల ముందు తన ఏడెన్ వెలవెలబోతున్నదని కొంచెం నొచ్చుకున్నా, ఉపన్యాసం మాత్రం తగ్గించలేదు. చివరికి రాజమల్లు అడిగాడు: "సాబ్, సముద్రం ఎట్లుండె?"

వామన్‌రావు గారు గంభీరంగా ఆలోచించారు. "చీకటిగ ఉండె" అన్నారు.

పాపం, ఓడవాళ్లు సామానంతా అడుగు అరలో వేశారట. అన్ని ఇండ్ల పెట్టెలు నమ్మి అప్పగిస్తే విడిచి పైకి ఎట్లా పోతారు? పోయినన్ని రోజులూ, వచ్చినన్ని రోజులూ ఆ అరలో నా పెట్టె మీద కూర్చుని కాపలా కాశారు. బాధ్యత అంటే అది. మేము కళ్లు తుడుచుకున్నాము.

అప్పుడు కొండమ్మను పిలిచి సీసా ఇచ్చారు. ఆమె కళ్లకద్దుకుంది. సౌభాగ్యమ్మ గారు చేయి చాపి, ఒక చుక్క అరచేతిలో పోయించుకుని నాలుకకు తాకించారు. ఇన్నేళ్లుగా ఆ ఇంటి వంట చేసిన నాలుక అది. ఆమె భర్త వంక చూశారు. ఆయన పూలదండ సవరించుకున్నారు. ఆమెకు కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. సభా మర్యాద తెలిసిన మనిషి అయితే రెండింటినీ మింగేది.

"గండిపేట నీళ్లు, రాజమల్లు ఉప్పు" అన్నారామె అందరికీ వినబడేటట్టు. "కొండమ్మా, పా. మనమే పోయి తెచ్చుకుందాం."

లోపలికి వెళ్లి ఆ చిన్న రేకు పెట్టెతో బయటికి వచ్చారు. దాన్ని ఆమె ఇంతవరకు విప్పనే లేదు. బెజవాడ బండి ఎక్కితే అక్కణ్నుంచి బందరు, బందరులో సముద్రం ఉంటుందట. మేము సభను అట్లాగే వదిలి వెంటపడ్డాము.

"అమ్మా, అమ్మా! ఒక్క పెట్టెతోనా? గల్లీ ఇజ్జత్ ఏం గావాలె?" అని శ్రీపతి గారు ఆయాసపడ్డారు.

"సామాను ముందుగాల పోయొచ్చింది గద శ్రీపతి గారూ. ఇగ మనిషి పోయొస్తది" అని ఆమె ప్లాట్‌ఫారం టికెట్ల కిటికీ దాటి వెళ్లిపోయారు.

వారం తర్వాత ఇద్దరూ ఎండకు నల్లబడి తిరిగి వచ్చారు. చీర అంచులకు ఇసుక ఉంది. ఎట్లుండె అని అడిగితే సౌభాగ్యమ్మ గారు, "ఎంత చూసినా ఒడవలేదు" అన్నారు. ఆ రాత్రి క్యాలెండరు మీది బొమ్మను తీసేశారట. కొండమ్మ చేతిలో సముద్రం నీళ్లతో ఇంకొక సీసా కూడా ఉంది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సదరు సీసాను, సదరు రేకు పెట్టెను పరీక్షించి, రెండింటి మీదా ఏ లేబులూ లేనందున, సౌభాగ్యమ్మ గారు చూసినది సముద్రంగా ఈ గల్లీ గుర్తించజాలదని ఏకగ్రీవంగా తీర్మానించాము. వామన్‌రావు గారు ఆ తీర్మానాన్ని బలపరిచారు.

లేబులు లేని సీసా కొండమ్మ ఇంట్లో ఉంది. సభలో వదిలేసిపోయిన లేబులున్న సీసా శ్రీపతి గారి ముందుగదిలో, పెట్టె మీద ఉంది. పండుగలకు గల్లీ అంతా వరస కట్టి అందులోంచే తీర్థం పుచ్చుకుంటున్నాము. రుచి ఉప్పేసిన నల్లా నీళ్లదే, దాచేదేముంది. అయినా కళ్లు మూసుకుని "అబ్బ, ఏం సముద్రం!" అంటున్నాము. మీకు నవ్వు వస్తున్నది కదూ? ఒకసారి నాంపల్లి దిక్కు రండి, మీ చేతిలోనూ ఒక చుక్క పోస్తాము. లేబులు చూశాక మీరూ అదే అంటారు.