మూడు ఆసుల ఏడుపు

జిల్లా పెద్దాసుపత్రిలో ఊపిరి మంచం ఖాళీ అయినప్పుడల్లా దాన్ని ఎవరికివ్వాలో తేల్చడానికి రోగుల బంధువులు వార్డు ముందు వసారాలో కూర్చుని మూడుముక్కలాట పోటీ ఆడతారు. పందెం కాసేది రోగుల ఊపిరిని.

ఇదివరకు ఆ మంచాన్ని సిఫార్సు ఉత్తరాల మీద ఇచ్చేవారు. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. ఒక సంఘాన్ని వేశారు. జనం పేకముక్కలను నమ్మినంతగా మరి దేన్నీ నమ్మడం లేదనీ, ముక్కకు కులం తెలియదు, ఎమ్మెల్యే తెలియడు అనీ సంఘం నివేదిక ఇచ్చింది. అప్పటి నుంచి వార్డులో చేరిన ప్రతి రోగికీ పరీక్ష చేసి, మిగిలి ఉన్న ఊపిరిని తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళలుగా మార్చి, స్టీలు డబ్బాలో పోసి బంధువుల చేతికి ఇస్తున్నారు. బల్ల మీద బిళ్ళ ఒకరి వైపు నుంచి మరొకరి వైపుకు జరిగితే, అద్దాల తలుపు అవతల ఒక రోగి రొమ్ము కాస్త దిగుతుంది, మరో రోగిది కాస్త లేస్తుంది. బిళ్ళలన్నీ ఎవరి ముందుకు చేరితే వాళ్ల రోగికి మంచం. డబ్బా ఖాళీ అయినవాళ్ల రోగిని కింది అంతస్తుకు తీసుకెళ్తారు. కింది అంతస్తులో వార్డు లేదు.

పరాంకుశం సారు తన భార్య శశిరేఖ కోసం ఆడుతున్నాడు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మనిషి, అంతవరకు పేక ముట్టనివాడు. రోగిని చేర్చుకునేటప్పుడే ఆసుపత్రివాళ్లు బంధువులకు చిన్న శిక్షణ ఇస్తారు కాబట్టి ఆట తెలిసింది. మనిషికి మూడు ముక్కలు. మూడూ ఒకటే రకమైతే మంచివి, మూడూ ఆసులైతే వాటి మీద ఇంకేమీ లేదు. ఇష్టం లేనివాళ్లు ముక్కలు బోర్లించి తప్పుకోవచ్చు. తప్పుకోనివాళ్లు బిళ్ళలు కాస్తూ పోవాలి, లేదా ‘షో’ అని అడిగి ముక్కలు తిప్పించాలి. చివరికి ఇద్దరే మిగిలితే, ఒకరు ఉన్నవన్నీ కాశాక ఎదుటివాళ్లు కూడా తమ దగ్గరున్నవన్నీ పెట్టాలి, లేదా బోర్లించాలి.

సారు ఆడిన తీరులో వంక పెట్టడానికేమీ లేదు. ముక్కలు బాగుంటే కాశాడు, బాగాలేకపోతే బోర్లించాడు. పరీక్ష హాల్లో కాపలా తిరిగేటప్పటి మొహమే ఇక్కడా పెట్టుకున్నాడు. మిగతావాళ్లకు ఆ మొహం చదవాల్సిన అవసరమే రాలేదు. సారు కాశాడంటే ముక్కలున్నట్టే. వెంటనే అందరూ బోర్లించేసేవారు. మంచి ముక్కలు పడ్డప్పుడల్లా సారుకు దక్కేది ఆట మొదట్లో తలా ఒకటి వేసే బిళ్ళ మాత్రమే. శశిరేఖ డబ్బా అలా నిండక, అలా అని పూర్తిగా ఖాళీ కాక, అడుగు కనిపిస్తూ ఉండిపోయింది.

పోటీ చివరికి వచ్చేసరికి బల్ల దగ్గర ఇద్దరు మిగిలారు. సారుకు ఎదురుగా సాయవ్వ. బీడీలు చుట్టే మనిషి. కొడుకు రాజేశం లోపల ఉన్నాడు, రైసుమిల్లులో హమాలీ. ఆమె ముందు బిళ్ళలు గుట్టగా ఉన్నాయి. పక్కన ఆటో నడిపే జానీమియా కూడా కూర్చున్నాడు. అతని బాబాయిని పొద్దున్నే కిందికి తీసుకెళ్లారు, కాగితాలు తయారయ్యేదాకా చేసే పనేమీ లేక ఆట చూస్తున్నాడు.

టోర్నమెంటు సూపరింటెండెంటు కనకరాజు ముక్కలు పంచాడు. సారు మెల్లగా ఎత్తి చూశాడు. ఇస్పేటు ఆసు. కళావరు ఆసు. మూడోదాన్ని చూడటానికి కొంచెం సేపు పట్టింది. ఆఠీను ఆసు.

“ఏం సారూ, ముక్కలు చూస్తున్నవా, హాజరు తీస్తున్నవా?” అన్నాడు జానీమియా.

ఓడిపోయే అవకాశం లేదు కాబట్టి ఆలోచించాల్సింది ఎలా గెలవాలన్నదే. ఎప్పటిలా గట్టిగా కాస్తే సాయవ్వ బోర్లిస్తుంది. ఒక బిళ్ళ వస్తుంది. రాజేశం రొమ్ము లేస్తూనే ఉంటుంది, శశిరేఖది దిగుతూనే ఉంటుంది, ఇలాంటి ముక్కలు మళ్లీ పడవు. కొంచెంగా కాసినా ఆమె నమ్మదు, సారు కాయడమే ఆమెకు చాలు. ఆమెను ఆటలో నిలబెట్టాలంటే తన దగ్గర ఏమీ లేదని ఆమెకు అనిపించాలి.

ఏమీ లేనివాళ్లు ఎలా ఉంటారో ఆ వసారాలో అందరికీ తెలుసు. చెడ్డ ముక్కలు పడ్డవాళ్లు నర్సును పిలిచి రోగి ఎలా ఉన్నారని అడుగుతారు, కళ్లు తుడుచుకుంటారు. మంచి ముక్కలు పడ్డవాళ్లు రోగిని అడగరు, బిళ్ళలు సర్దుకుంటారు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

శశిరేఖ మంచం పట్టిన నాటి నుంచి సారు ఏడవలేదు. ఏడవకూడదని అనుకోలేదు, వీలు పడలేదంతే. ఇప్పుడు మూడు ఆసులను అరచేతి కింద పెట్టుకుని, ఏం తలుచుకుంటే ఏడుపు వస్తుందా అని వెతికాడు. జబ్బు ముదిరాక ఆమె మాటకూ మాటకూ నడుమ ఆగేది. సారు తరగతిలో పిల్లవాడు జవాబు వెతుక్కుంటుంటే ఎదురుచూసినట్టు ఎదురుచూసేవాడు. మాట తెగిపోయే ముందు ఆమె ఒక సాయంత్రం “ఆ పిల్లకి చెప్పండి...” అని ఆగింది. ఏ పిల్లకి, ఏం చెప్పాలి అని అడిగితే ఆయాసపడుతుందని సారు అడగలేదు. ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ ఎత్తుకోలేదు.

“సిస్టర్, ఆమెకు ఎట్లుంది?” అని అడగబోయాడు. కళ్లు నిండాయి, మొహం కదిలిపోయింది, భుజాలు ఎగిరిపడ్డాయి.

సాయవ్వ చూసింది. ముక్కలు బోర్లించబోతున్న చెయ్యి ఆగింది.

“గట్లేడువకు సారూ,” అంది. “బిడ్డలకు సదువు చెప్పేటోనివి. గిన్ని నీళ్లు తాగు.” తన సీసా బల్ల మీదుగా జరిపింది. తరువాత బిళ్ళలు కాసింది.

సారు ఏడుస్తూనే కాశాడు. సాయవ్వ మళ్లీ కాసింది. ఒక చోట ఆగి, ఎక్కువ పెంచితే మనిషి తట్టుకోలేడేమో అన్నట్టు సారు మొహం చూసి, పెంచకుండా ముందటి లెక్కలోనే వేసింది. సారే కొంచెం పెంచాడు. పోగొట్టుకునే మనిషి ఆఖర్న తెగించి కాసే తీరు అది, ఆమె అలాగే అర్థం చేసుకుంది. అద్దాల అవతల రాజేశం మంచం దగ్గరికి ఒక నర్సు పోయింది. ఆట నడుస్తుండగా అటు చూడకూడదని గోడ మీద రాసి ఉంది. ఇద్దరూ చూడలేదు.

బిళ్ళలన్నీ నడిమికి చేరాక సాయవ్వ “షో” అంది. ఆమెవి రెండు రాణులు, ఒక ఎనిమిది. సారు మూడు ఆసులు తిప్పాడు.

జానీమియా నాలుక చప్పరించి, “వామ్మో సారూ! ఏమాడినవయ్యా!” అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. కనకరాజు కూడా తన నౌకరీలో ఇంత శుభ్రంగా ఆడిన చెయ్యి చూడలేదన్నాడు.

సారు కళ్లు ఇంకా కారుతున్నాయి. “సాయవ్వా, నేను నిజంగనే...” అన్నాడు.

“నువ్వేం తప్పు చేసినవ్ సారూ,” అంది సాయవ్వ. “నాకు పడితె నేను గూడ గిట్లనే ఏడుస్తుంటి.” చెదిరిన బిళ్ళలను రెండు చేతులా పోగుచేసి సారు వైపు తోసి, సీసా తీసుకుని మెట్లు దిగి వెళ్లింది.

శశిరేఖను ఊపిరి మంచం మీదికి మార్చారు. అయితే మంచం దొరికినవాళ్లు కూడా వారం వారం కొత్తగా వచ్చినవాళ్లతో ఆడి దాన్ని నిలబెట్టుకోవాలి. మరుసటి వారం సారు మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈసారి ఎదురుగా ఇద్దరు. తల్లి కోసం వచ్చిన భీమేశ్వర్ అనే లారీ యజమాని, భర్త కోసం వచ్చిన స్వరూప అనే చిన్నపిల్ల. ఆ పిల్ల చేతులకు పెళ్లి గోరింట ఇంకా పూర్తిగా పోలేదు.

ముక్కలు పంచారు. సారు చూడకుండానే అరచేయి మూసి పెట్టుకున్నాడు. అప్పుడు నర్సు వచ్చి సారు చెవి దగ్గర వంగింది. “ఊపిరి సరిపోయింది సార్, గుండె ఒప్పుకోలేదు. ఇప్పుడే.”

లేవబోయాడు. పంచిన ఆట నడిమిట్ల లేవడానికి లేదని కనకరాజు మెత్తగా చెప్పాడు. సారు కూర్చున్నాడు. బల్ల అంచు పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

భీమేశ్వర్ వెంటనే ముక్కలు బోర్లించాడు. స్వరూప కూడా బోర్లించింది. కనకరాజు బిళ్ళలను సారు ముందుకు తోశాడు.

“నేను ముక్కలు చూడలేదు,” అన్నాడు సారు. “మా ఆమె పోయింది.”

“మీరు గట్లనే అంటరు సార్,” అంది స్వరూప, మర్యాదగానే. “శిక్షణల చెప్పిన్రు. సారు ఏడిస్తే మూడు ఆసులుంటయని.”

సారు కనకరాజు వైపు తిరిగాడు. మంచం నాకిక అక్కర్లేదు, ఈ అమ్మాయికి రాయండి అన్నాడు. కనకరాజు బాధపడ్డాడు. మంచం ఆటను బట్టి దక్కుతుంది గాని మనిషి ఉండటాన్ని బట్టి కాదనీ, గెలిస్తే వచ్చే వారం దాకా అది శశిరేఖగారి పేరనే ఉంటుందనీ, బిళ్ళలు దానం ఇవ్వడానికి నిబంధన లేదనీ, ఓడిపోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదనీ, కాకపోతే మంచం చేతిలో ఉన్నవాళ్లు బోర్లించకూడదు, కాసే ఓడాలనీ వివరించాడు.

సారు ఓడిపోదామని కూర్చున్నాడు. ముక్కలు చూడకుండా కాశాడు. కళ్లు ఆగడం లేదు. వాళ్లిద్దరూ బోర్లించారు. మళ్లీ పంచారు, మళ్లీ బోర్లించారు. సారు ఎంత ఏడిస్తే అన్ని బిళ్ళలు వచ్చి పడుతున్నాయి. భీమేశ్వర్ డబ్బా ఖాళీ అయింది. అతను లేచి, లారీల సంఘంలో ఈ అన్యాయం చెబుతానని అరిచి, తల్లి చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. స్వరూప ముందు కొద్ది బిళ్ళలు మిగిలాయి. అద్దాల అవతల ఆమె భర్త రొమ్ము లేవడానికి ఆలోచిస్తున్నట్టుగా ఉంది.

ఆ పిల్ల భర్త బతకాలంటే తాను భార్య కోసం ఏడవడం మానాలని సారుకు అర్థమైంది. చాలా సేపు పట్టింది. పాఠశాల గేటు తలుచుకున్నాడు, ప్రార్థన గంట తలుచుకున్నాడు, ఖండాల పేర్లు వరసగా చెప్పుకున్నాడు. మొహం ఒక్కో చోటా ఆరుతూ వచ్చింది. కనుబొమలు, చెంపలు, చివరికి పెదవి. పరీక్ష హాల్లో తిరిగే మనిషి మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు.

స్వరూప ఆయన్ను తేరిపార చూసింది. ఏడవడం లేదు. కాసింది. సారు కాశాడు. ఆమె గెలిచింది. అలా సాయంత్రం దాకా సారు పొడి కళ్లతో ఒక్కో చెయ్యీ ఓడిపోతూ, తన ముందున్న బిళ్ళలన్నీ ఆమె ముందుకు చేర్చాడు. మంచం మీది దుప్పటి మార్చి ఆమె భర్తను పడుకోబెట్టారు. “మంచిగ ఆడిన్రు సార్,” అంది స్వరూప, గెలిచినవాళ్లు ఓడినవాళ్లతో అనే మాటే.

మరునాడు వైకుంఠధామంలో బంధువులు, తోటి పంతుళ్లు నిలబడ్డారు. అంత పెద్ద దుఃఖాన్ని సారు ఎంత నిబ్బరంగా భరిస్తున్నాడో అని మెచ్చుకున్నారు. ప్రధానోపాధ్యాయుడు అదే మాట పిల్లలకు కూడా చెప్పాలన్నాడు. చితి అంటుకున్నాక జానీమియా ఆటో పక్కన ఆపి వచ్చి సారు భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇగ ఆట అయిపోయింది సారూ,” అన్నాడు. “ఏడువొచ్చు.”

సారు తల ఊపాడు. ఊపి, తనను ఎవరెవరు చూస్తున్నారో ముందు చుట్టూ చూసుకున్నాడు.