బొద్దుగాడి శంకుస్థాపన

"నెల తిరిగేలోగా మా కుక్కపిల్ల ఇంట్లో ఉచ్చ పోయడం మానేస్తుంది. మానకపోతే మంత్రి పదవికి రాజీనామా చేస్తాను!"

ఇంత గొప్ప మాట ఈమధ్య ఏ నాయకుడి నోటి నుంచీ రాలేదు. పారిశుద్ధ్య శాఖ మంత్రిగారు విలేకరుల ముందు బల్ల గుద్ది మరీ చెప్పారు. ఆ గుద్దుకి మంచినీళ్ల గ్లాసు బోర్లా పడింది. నేను వెంటనే చప్పట్లు కొట్టాను. నా ఉద్యోగమే అది. మంత్రిగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినచోటల్లా నేను మొదలుపెట్టాలి, మిగతావాళ్లు అందుకుంటారు. పార్టీలో నా హోదా పేరు స్పందన ఇన్‌ఛార్జి.

ఆ శపథానికి కారణం ఉంది. అంతకు ముందు వారం మంత్రిగారు తమ ఇంటి హాల్లో కూర్చుని టీవీ వాళ్లకి పరిశుభ్రత గురించి ఇంటర్వ్యూ ఇచ్చారు. "మార్పు మన ఇంటి నుంచే మొదలవ్వాలి" అంటూండగా వెనక నుంచి బొద్దుగాడు వచ్చాడు. బొద్దుగాడంటే మంత్రిగారి అత్తగారు ముద్దుగా పెంచుకుంటున్న మూడు నెలల కుక్కపిల్ల. తివాచీ నడిమధ్యకి వచ్చి, కెమెరా వైపు ఒకసారి చూసి, వెనక కాళ్లు వంచి తాపీగా పని కానిచ్చాడు. అదంతా లైవ్‌లో వెళ్లిపోయింది. "ఇంట్లో తివాచీని కాపాడుకోలేని మనిషి ఊళ్లో వీధులేం కాపాడతాడు?" అన్నాడు ప్రతిపక్ష నాయకుడు. మాట బాగుంది. అలవాటు కొద్దీ నా చేతులు లేచాయి కూడా, ఎలాగో ఆపుకున్నాను.

మంత్రిగారు ఆ రోజు ఇంకో సంగతి కూడా ప్రకటించారు. బజారు వీధిలో ఆడవాళ్లకి మరుగుదొడ్లు కట్టించి, కుక్కపిల్ల విజయోత్సవం రోజే వాటిని కూడా ప్రారంభిస్తామన్నారు. పేపర్లు కుక్కపిల్లని పట్టుకుని దీన్ని వదిలేశాయి. మా ఆవిడ మాత్రం దీన్నే పట్టుకుంది. ఆ వీధిలోనే కూరగాయలు అమ్ముతుంది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. మధ్యలో వెళ్లడానికి చోటు లేదు కాబట్టి రోజంతా గొంతు తడుపుకోదు. నీళ్లు తాగమని డాక్టరు తిడుతూనే ఉంటాడు, ఆవిడ తలూపుతూనే ఉంటుంది.

"నిజంగానే తెరుస్తారంటారా?" అని అడిగింది ఆ రాత్రి అన్నం పెడుతూ.

"మంత్రిగారు పదవే పణంగా పెట్టారు."

"అది కుక్కపిల్ల మీద కదండీ!"

"రెండూ ఒకటే శాఖ" అన్నాను ధీమాగా.

బొద్దుగాడి శిక్షణ బాధ్యత శాఖ కార్యదర్శిగారు స్వయంగా భుజాన వేసుకున్నారు. ముందు పశువుల డాక్టర్ని పిలిపించారు. ఆయన బొద్దుగాడి చెవులు నిమిరి, "నిద్ర లేవగానే, తిన్న వెంటనే తోటలోకి తీసుకెళ్లండి. పని అయ్యాక మెచ్చుకుని ఓ బిస్కెట్ పెట్టండి. లోపల చేస్తే తిట్టకుండా తుడిచెయ్యండి. అంతే" అన్నాడు.

"అంతేనా?" కార్యదర్శిగారి మొహం వాడిపోయింది. ఇంత చిన్న పనికి టెండరు పిలవడం ఎలా?

అయినా అధైర్యపడలేదు. సాయంత్రానికల్లా శునక స్వచ్ఛతా మిషన్ పుట్టింది. దానికో బోర్డు, ఓ బొమ్మ, ఓ జీపు వచ్చాయి. మెచ్చుకునే విభాగానికి నన్ను వేశారు.

"వాడు కూర్చోగానే చప్పట్లు కొట్టు" అన్నారు కార్యదర్శిగారు.

"పని అయ్యాక అన్నారు సార్, డాక్టరుగారు."

"మన శాఖలో చప్పట్లు ఎప్పుడు కొడతామయ్యా? శంకుస్థాపనకి. పూర్తయ్యేదాకా ఆగి ఎప్పుడన్నా కొట్టావా నువ్వు?"

ఆలోచించాను. నా మొత్తం సర్వీసులో అలాంటి సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మొదటి రోజు బొద్దుగాడు గులాబీ మొక్క దగ్గర కూర్చోబోయాడు. నేను చప్పట్లు కొట్టాను. వాడు ఉలిక్కిపడి, మొదలుపెట్టిన పని మొదట్లోనే ఆపి, లేచి నిలబడ్డాడు. నోట్లో బిస్కెట్ పడింది. నమిలాడు. నా వైపు చూశాడు, మొక్క వైపు చూశాడు. తర్వాత ఇంట్లోకి పరుగెత్తి, తివాచీ మీద మిగతా కార్యక్రమం ప్రశాంతంగా పూర్తి చేశాడు.

కుక్కజాతి తెలివి గురించి విన్నానే గానీ ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. రెండు మూడు రోజుల్లో వాడికి మన వ్యవస్థ మొత్తం అర్థమైపోయింది. గులాబీ దగ్గర కూర్చుంటే బిస్కెట్. మల్లె దగ్గర కూర్చుంటే బిస్కెట్. కార్యదర్శిగారి బూటు పక్కన కూర్చున్నా బిస్కెటే. ఒక్క చుక్క ఖర్చు లేదు. తోటలో కూర్చున్న సంఖ్య రోజురోజుకీ పెరిగిపోయింది. కార్యదర్శిగారు దాన్ని గీతగా గీయించి గోడకి తగిలిస్తే, గీత పైకి పోయి పోయి కాగితం దాటి సున్నం మీదకి ఎక్కింది.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు.

అప్పుడే అత్తగారు గోడ పట్టుకుని కుంటుకుంటూ హాల్లోకి వచ్చారు.

"అల్లుడుగారూ, వీడు బయట కూర్చుంటున్నాడు, లోపల పోస్తున్నాడు. ఇప్పుడే మంచం దిగి జారిపడ్డాను."

"అవి పాత నిల్వలమ్మా" అన్నారు కార్యదర్శిగారు వినయంగా. "గత ప్రభుత్వ హయాంలో తాగిన నీళ్లు."

"అప్పటికి వీడు పుట్టలేదు కదా నాయనా?"

"ప్రభావం ఉంటుందమ్మా."

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. నాయకుడన్నవాడు సమస్యని మూలంలోంచి పెకలించాలి. అందుకని ఇంట్లో తివాచీలన్నీ తీయించేశారు. ఇక ఏది తడిసిందని ఎవరు అడుగుతారు?

ఈలోగా బజారు వీధిలో కూడా పని చురుగ్గా సాగింది. మా ఆవిడ రోజూ వచ్చి చెప్పేది. "ముందు గోడకి నీలం పలకలు అతికించారండీ. మంత్రిగారి ఫొటో పెట్టారు, నిలువెత్తు. వెనకేం చేస్తున్నారో కనపడకుండా గుడ్డ కట్టేశారు."

"ఆడవాళ్ల వ్యవహారం. గుడ్డ కట్టరా మరి?" అన్నాను.

విజయోత్సవం రోజు రానే వచ్చింది. మా ఆవిడ బుట్ట సర్దుకుంటూ సీసా నిండా నీళ్లు పట్టింది. "ఇవాళ తాగనా?" అంది.

"భేషుగ్గా తాగు. మంత్రిగారు స్వయంగా తెరుస్తున్నారు."

నా ఎదురుగానే నిలబడి గటగటా సగం సీసా తాగేసింది. మూతి తుడుచుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి, నా ఉద్యోగం వల్ల లోకానికి ఏదో మేలు జరుగుతోందని గట్టిగా నమ్మాను.

మంత్రిగారి తోటలోంచి గడ్డి పెళ్లగించి తెచ్చి మరుగుదొడ్ల ముందు పరిచారు. ప్రతిపక్ష నాయకుడు చేతులు కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. మంత్రిగారు బొద్దుగాణ్ణి గడ్డి మీద దింపారు. వాడు జనాన్ని చూశాడు, కెమెరాల్ని చూశాడు, చివరికి నన్ను గుర్తుపట్టి తోక ఊపాడు. కూర్చున్నాడు. నేను కొట్టాను. వీధంతా కొట్టింది. బిస్కెట్ అందింది.

ప్రతిపక్ష నాయకుడు లేచి వచ్చి, వంగి, గడ్డిని చేత్తో తడిమాడు. "పొడిగా ఉందే!"

"పీల్చుకునే రకం గడ్డి సార్" అన్నారు కార్యదర్శిగారు.

ప్రతిపక్ష నాయకుడు మైకు అందుకోబోయాడు. మంత్రిగారు దగ్గరికి జరిగి, "తమరి వీధిలోనూ ఇలాంటిదొకటి మంజూరు చేశాం. రేపే శంకుస్థాపన. రాయి మీద తమరి పేరు నా పేరు పక్కనే ఉంటుంది" అన్నారు మెల్లగా. ఆయన మైకు వదిలేసి, నాకంటే ముందే చప్పట్లు కొట్టాడు. ఆయనలో అంత ప్రతిభ ఉందని నాకు తెలియదు.

తర్వాత రిబ్బన్ తెగింది, తలుపు తెరుచుకుంది. అందరికంటే ముందు బొద్దుగాడు లోపలికి దూసుకుపోయాడు. వాడి వెనకే వెళ్లి చూశాను. పైపు లేదు, కుళాయి లేదు, కూర్చునే చోటు లేదు. నాలుగు గోడలు, ఓ ఇసుక కుప్ప, ఖాళీ సిమెంటు సంచులు. వాటి మధ్య బొద్దుగాడు కళ్లు అరమోడ్చి, పొద్దున్నుంచీ దాచుకున్నదంతా చాలాసేపు పోశాడు.

కార్యదర్శిగారు తలుపు దగ్గరికి లాగేసి, మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు.

"ప్రారంభించిన నిమిషంలోనే ప్రజా వినియోగంలోకి వచ్చింది!" అని మైకులో చాటారు మంత్రిగారు. ఆగి, నా వైపు చూశారు.

నేను కొట్టాను.

తలుపు దగ్గర ఆడవాళ్ల వరసలో మా ఆవిడ రెండో మనిషి. నేను చూసిందంతా ఆవిడా చూసింది. బుట్టని పక్క దుకాణం ఆవిడకి అప్పగించి, కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని గబగబా ఇంటివైపు నడిచింది. మా ఇల్లు అక్కడికి దగ్గరేం కాదు. వెంట వెళ్దామనుకున్నాను గానీ మంత్రిగారి ప్రసంగం ఇంకా సగం ఉంది.

సభ అయ్యాక కార్యదర్శిగారు నా భుజం తట్టారు. "ఇవాళ మహా బాగా కొట్టావయ్యా" అని, పొట్లంలో మిగిలిన బిస్కెట్లు నా దోసిట్లో పోశారు.

మర్నాడు పొద్దున నేను శంకుస్థాపనకి చొక్కా వేసుకుంటున్నాను. మా ఆవిడ సీసాని కుండ దాకా తీసుకెళ్లి, ఆగి, ఖాళీదే బుట్టలో పెట్టుకుంది.

"ఇవాళ ఎక్కడ కొట్టాలి?" అని అడిగింది.

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. అందులో నిన్నటి బిస్కెట్ ఒకటి మిగిలి ఉంది.