పది లక్షల మూడు

నగర జనాభా పది లక్షల మూడు అని, అది ప్రధాన సంఖ్య అని, కాబట్టి ఈ నగరాన్ని ఏ శక్తీ విడదీయలేదని మంత్రిగారు ప్రకటించారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగించబడని సంఖ్య అది. ఆ ఒకటి తామేనని వినయంగా ఒప్పుకున్నారు కూడా. ప్రతిపక్ష నాయకుడు ప్రెస్‌మీట్ పెట్టి, అందరి ముందూ ఏడుతో భాగించి చూశాడు. నాలుగు మిగిలింది. ఆ నలుగురూ తమవాళ్ళేనని అధికార పార్టీ చెప్పుకుంది.

జనన మరణాల గుమాస్తా ఇదంతా టీవీలో చూసి పొంగిపోయాడు. తన చేత్తో రాసిన అంకె అది మరి. మర్నాడే సర్క్యులర్ వచ్చింది. సంఖ్య చెడకూడదు కనుక, అనుమతి లేనిదే రిజిస్టరులో ఎవరినీ ఎక్కించరాదు, ఎవరినీ తీసెయ్యరాదు.

పోయినవాళ్ళతో పేచీ లేదు, వాళ్ళకు తొందరేముంది? పుట్టినవాళ్ళతోనే వచ్చింది తంటా. దానికి మంత్రిగారి సలహాదారు, పూర్వాశ్రమంలో లెక్కల మాస్టారు, దారి కనిపెట్టాడు. తర్వాతి ప్రధాన సంఖ్య పది లక్షల ముప్పై మూడు. ముప్పై మంది పోగయ్యేదాకా ఆగి, అందరినీ ఒకేసారి సభలో ఎక్కిస్తే సరి.

గుమాస్తా కూతురికి నెలలు నిండాయి. రిజిస్టరులో లేని బిడ్డకు ఆసుపత్రిలో టీకా కూడా వెయ్యరు. ఇరవై తొమ్మిది మంది పుట్టేశారని తెలియగానే ఆయన ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, ఒక్క సీటే ఉంది. కాస్త త్వరగా కానివ్వు."

"ఇదేమన్నా బస్సా నాన్నా?" అంది కూతురు.

అయినా తండ్రి మాట నిలబెట్టింది. మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. గుమాస్తాకు పట్టపగ్గాల్లేవు. ఎనిమిది నిమిషాల తర్వాత, దాని చెల్లెలు కూడా పుట్టింది.

ఆయన సలహాదారు దగ్గరికి పరిగెత్తాడు.

"ముప్పై నాలుగంటే సరి సంఖ్యండీ," అన్నాడు సలహాదారు నొచ్చుకుంటూ. "ఎవడైనా వచ్చి రెండుతో భాగించేస్తాడు. ఊరి పరువేం కాను?"

ముప్పై ఏడు మళ్ళీ ప్రధాన సంఖ్యేనట. కాని మంత్రిగారి తర్వాతి సభ ఎన్నికలప్పుడే, అంటే రెండేళ్ళకు. అందాకా చిన్నది పుట్టనట్టే. పసిదాని మొహం కళ్ళారా చూస్తే ఎంత మంత్రైనా కరగకపోతాడా అనుకుని, ముప్పై మందిని ఎక్కించే సభనాడు గుమాస్తా ఒక చంకలో చిన్న మనవరాలిని, ఇంకో చంకలో రిజిస్టరును పెట్టుకుని వేదిక మీద తెర వెనక నిలబడ్డాడు.

ముందువరసలో ముప్పై మంది తల్లులు, ముప్పై మంది పిల్లలు. మంత్రిగారు "మనమంతా ఒక్కటే" అని అందుకున్నారో లేదో, తెర వెనక పిల్ల కేరుమంది. మైకు దాన్ని ఊరంతా వినిపించింది. మంత్రిగారు ప్రసంగం ఆపారు.

"ఎవరున్నారయ్యా అక్కడ?"

గుమాస్తా తెర తొలగించుకుని ముందుకొచ్చాడు. వారం రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కాని పైవాళ్ళు ఏది అడిగినా రిజిస్టరు చూడందే నోరు విప్పడం ఆయన ఎరగడు. పిల్లను భుజానికెత్తుకుని, రిజిస్టరు తెరిచి, చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాడు.

"ఎవరూ లేరండి," అన్నాడు.