నరసింగరావు ఎ గ్రూపు

తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ కథ రాయడానికి నెల పట్టింది. చదవడానికి అంత పట్టదు.

అరసవల్లి వెళ్ళే దారిలో ఉన్న ఆ ట్రస్టు ఆసుపత్రిలో గురువారమంటే ఆపరేషన్ల రోజు. సర్జన్ గారు విశాఖపట్నం నుంచి వారానికి ఒక్కసారి, ఆ రోజే వస్తారు. ఆ గురువారం ఆయన జాబితాలో పొందూరు చిన్నతల్లి పేరుంది. గర్భసంచి ఆపరేషన్. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది, ఒకసారి సర్జన్ గారికి వచ్చింది. ఆమెకు ఒంట్లో రక్తం తక్కువ. రెండు బ్యాగులు సిద్ధంగా ఉంటే తప్ప కత్తి పట్టనని ఆయన ముందే చెప్పారు. ఆ తర్వాత రెండు గురువారాలు తాను ఊళ్ళో ఉండనని కూడా చెప్పారు.

బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ హైమవతి ఆ ఉదయం పెద్దగా ఏమీ తలపెట్టలేదు. ఎనిమిదింటికి మందులు పరీక్షించాలి. తొమ్మిదింటికి చిన్నతల్లి గ్రూపు చూసి, సరిపడే రెండు బ్యాగులు తేల్చాలి. పదింటికి టీ తాగాలి.

మందులంటే రక్తం గ్రూపు చెప్పే చుక్కలు. నీలం మందు వేస్తే ఎ గ్రూపు రక్తం పాలు విరిగినట్లు విరుగుతుంది. పసుపు మందుకు బి గ్రూపు విరుగుతుంది. ఓ గ్రూపు రెండింటికీ విరగదు. మందు మంచిదో కాదో రోజూ పొద్దున్నే గ్రూపు తెలిసిన రక్తం మీద వేసి చూసుకోవాలి. పెద్ద ఆసుపత్రులు దానికి కావలసిన రక్తకణాలు కూడా కొని తెచ్చుకుంటాయి. ఇక్కడ సిబ్బందిలోనే ముగ్గురిని పెట్టుకున్నారు. బి గ్రూపుకు హైమవతి, ఓ గ్రూపుకు వాచ్‌మన్, ఎ గ్రూపుకు అటెండరు నరసింగరావు.

నరసింగరావు దీన్ని పదవిగానే చూసుకునేవాడు. "ఈ ఆసుపత్రిలో ఎవులికి రక్తం ఎక్కించాలన్నా ముందర నా రక్తం సరే అనాల" అని కొత్తగా చేరిన వాళ్ళకు తప్పకుండా చెప్పేవాడు. బ్లడ్ బ్యాంకులో ఎవరిచేతా తీయించుకునేవాడు కాదు. పై వార్డు సిస్టరుగారి చెయ్యి మెత్తన అని పొద్దున్నే మెట్లెక్కి, ట్యూబు మీద తన పేరు తానే రాసి, రెండు చేతులతో తెచ్చి అందించేవాడు.

మూడు వారాలుగా నీలం మందుకు కొరతగా ఉంది. సరఫరా చేసేవాడు రోజూ "రేపు బస్సుకి వేసేస్తానండి" అంటున్నాడు. మిగిలిన ఒక్క సీసాను హైమవతి లైటుకెత్తి చూసింది. ఇరవై చుక్కలు ఉంటే ఎక్కువ. ఒక చుక్క స్లైడు మీద వేసి, నరసింగరావు ట్యూబులోని రక్తం కలిపింది. విరగలేదు. ప్రాణం ఉసూరుమంటుండగా ఇంకో చుక్క వేసింది. అదీ విరగలేదు.

"నరసింగరావుగారూ, ఈ ట్యూబు మీదేనా?"

"నాది కాకపోతే మరెవులిదమ్మా? పేరు రాసున్నాది కదా."

"ఈ రోజు తీయించిందేనా?"

"ఇప్పుడే తీసినారు. ఏడిగా కూడా ఉన్నాది, ముట్టుకు సూడండి."

పాత బ్యాగు దేన్నయినా తీసి దానిమీద కూడా వేసి చూడాలని హైమవతికి తోచింది. కానీ సీసా అడుగు కనబడుతుంటే ఇంకో చుక్క వేయడానికి చెయ్యి రాలేదు. పైగా పరీక్ష తప్పితే మందు ఆపేయాలని గోడ మీద రాసే ఉంది. సీసాకు ఎర్ర టేపు చుట్టి, బ్లడ్ బ్యాంకు డాక్టరు లక్ష్మీకామేశ్వరి గారికి ఫోను చేసింది.

"నిన్నంతా ఆ సీసానే వాడాం కదమ్మా. నిన్నటి తొమ్మిది బ్యాగులూ పక్కన పెట్టు. నేను వచ్చేదాకా ఎవ్వరికీ ఏదీ ఇవ్వొద్దు" అన్నారావిడ.

ఆ తొమ్మిది బ్యాగులను ట్రేలో పెట్టుకుని వెనక గది ఫ్రిజ్‌కు మోసుకెళ్ళింది నరసింగరావే. వరండాలో చిన్నతల్లి భర్త అప్పలనరసింహం ఎదురయ్యాడు.

"ఏటి మావా, అంత రక్తం ఎక్కడికి అట్టుకెల్తన్నావు?"

"అనుమానం రక్తంరా. వాడకూడదన్నారు."

"మరి మా ఇంటిదానికి?"

"నాకేటి తెలుసు? నా రక్తమే విరగడం నేదు ఈ రోజు."

అప్పలనరసింహానికి ఆ చివరి మాట అర్థం కాలేదు. ముందు మాటలు మాత్రం బాగా అర్థమయ్యాయి. వెంటనే పొందూరికి ఫోను చేశాడు. తొమ్మిదిన్నరకల్లా రెండు ఆటోలలో పదకొండు మంది దిగి, బ్లడ్ బ్యాంకు గుమ్మం ముందు చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడ్డారు.

"ఎవులిది కావాలో తీసుకోండమ్మా" అన్నాడు అప్పలనరసింహం.

"మీ వాళ్ళవి ఏ గ్రూపులు?"

"అది మీరు కదా సెప్పాల!"

పదకొండు మందికి పదకొండు చుక్కలు. హైమవతి ఎర్ర టేపు చుట్టిన సీసా వైపు చూసి, వాళ్ళందరినీ బెంచీల మీద కూర్చోమంది. మంచం మీద చిన్నతల్లి పరిస్థితి వేరుగా ఉంది. ఆపరేషనని రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "రక్తం నేక కాదు, ఆకలికి పోయేలా ఉన్నాను. ఉంటే ఉన్నాదనండి, నేకపోతే ఇంత గంజైనా పొయ్యండి" అని దారిన పోయే ప్రతి సిస్టరుకూ చెబుతోంది.

హైమవతి విజయనగరంలోని ఇంకో బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసింది. అక్కడి టెక్నీషియన్ మురళీమోహన్ కాసేపు మూలిగి, చివరకు ఒక నీలం సీసా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి బస్సు డ్రైవరుకు అప్పగించాడు. అది పన్నెండు దాటాక చేరింది. ఈలోగా సర్జన్ గారు చిన్న ఆపరేషన్లన్నీ ముగించుకుని, "రెండు గంటల వరకు చూస్తాను. ఆ తర్వాత నాకు రైలుంది" అని కబురు పంపారు.

కొత్త సీసా నిండుగా ఉంది. హైమవతి మూత తీసి, నరసింగరావు ట్యూబు మీదే చుక్క వేసింది. విరగలేదు.

ఫోను తీసింది. "మురళీమోహన్‌గారూ, ఏమనుకోకండి. మీ సీసా కూడా పాడైంది."

ఆయన గొంతు పెంచాడు. "ఆ పెట్టిలోదే కదండీ నేను పొద్దున్నుంచీ వాడతన్నాను!"

"అయితే ఆపీయండి."

ఆయన ఆపేశాడు. ఆపి ఊరుకోకుండా, ఆ పెట్టెలోంచే నాలుగు సీసాలు తీసుకున్న మరో బ్లడ్ బ్యాంకుకు కూడా చెప్పాడు. వాళ్ళూ ఆపేశారు. ఒంటిగంటకల్లా మూడు చోట్ల ఎవరి గ్రూపూ ఎవరికీ తెలియకుండా పోయింది.

అప్పటికి డాక్టరు లక్ష్మీకామేశ్వరి గారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఒక్క రోజే పాడవడానికి అదేమైనా కొబ్బరి పచ్చడా హైమవతీ?" అన్నారు.

హైమవతి కొత్త సీసా వైపు చూసింది. ఇప్పుడు చుక్కలకు లోటు లేదు. ఫ్రిజ్ తెరిచి, నెల క్రితం నాటి ఎ గ్రూపు బ్యాగు నుంచి కాస్త రక్తం తీసి కొత్త మందు కలిపింది. చూస్తుండగానే విరిగింది. ఎర్ర టేపు సీసాలోంచి ఒక చుక్క వేసింది. అదీ విరిగింది. పొద్దుటి నుంచి మారకుండా ఉన్నది నరసింగరావు ట్యూబు ఒక్కటే.

రబ్బరు పట్టీ తీసుకుని అతని దగ్గరకు వెళ్ళింది.

"చెయ్యి చాపండి."

"మళ్ళీ ఏలమ్మా? పొద్దున్న ఇచ్చీసినాం కదా."

"ఇచ్చీసినాం అంటే? ఎవరెవరు?"

నరసింగరావు గోడకు చేరగిలబడ్డాడు. "నాను ఎప్పుడూ ఇవ్వనేదమ్మా. సూదిని సూస్తే నాకు కాళ్ళు సల్లబడిపోతాయి. కేంటీను దేవేంద్ర లేడా, ఆడు పొద్దున్నే పై వార్డుకి టీ అట్టుకెల్తాడు. అక్కడే ఇచ్చీసి వస్తాడు. ఐదేళ్ళబట్టీ ఆడే."

"మరి మీ ఐడీ కార్డు మీద ఎ గ్రూపని ఉంది కదా?"

"ఆ రోజూ ఆడే ఇచ్చినాడు."

"ఈ రోజు?"

"ఈ రోజు ఆడి సెల్లి పెళ్ళిమాటలని గజపతినగరం ఎల్లాడు. అయినా మనల్ని ఒదిలీలేదమ్మా. దోసెల మాస్టరు ధనరాజుని పెట్టి ఎల్లాడు. బాధ్యత గల మనిషి."

"ధనరాజు గ్రూపేమిటో అడిగారా?"

"ఎర్రగానే ఉన్నాది కదా అనుకున్నాను."

ధనరాజును పిలిపించారు. పిండి చేత్తోనే వచ్చి వేలు చాపాడు. ఓ గ్రూపు.

డాక్టరుగారు గడియారం చూశారు. తిట్టడానికి కూడా తీరిక లేదు. హైమవతి చిన్నతల్లి రక్తం పరీక్షించింది. ఎ పాజిటివ్. రెండు బ్యాగులు ఎంచి సరిపడతాయో లేదో తేల్చేసరికి రెండూ ఇరవై అయింది. సర్జన్ గారు అప్పటికే బట్టలు మార్చుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని వరండాలోకి వచ్చారు. పదకొండు మంది పొందూరు వాళ్ళు బెంచీల మీంచి లేచి నిలబడ్డారు. దారికి అడ్డంగా నిలబడాలని ఎవరూ అనుకోలేదు. వరండాయే ఇరుకు.

"రైళ్ళు సానా ఉన్నాయి బాబూ. మా ఇంటిది ఒకతే" అన్నాడు అప్పలనరసింహం.

సర్జన్ గారు అతని వంక చూశారు. అతని వెనక రెండు చేతుల్లో రెండు బ్యాగులు పట్టుకుని ఆయాసపడుతున్న హైమవతిని చూశారు. భుజాన ఉన్న బ్యాగు తీసి నరసింగరావు చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఐదింటికి ఆపరేషన్ బాగా అయిందన్నారు. రక్తం ఒక బ్యాగే పట్టింది. చిన్నతల్లి కళ్ళు తెరిచి మొదట గంజి సంగతే అడిగింది. పొందూరు వాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని, ఇష్టమున్న వాళ్ళు రక్తం ఇచ్చి ఆటోలెక్కారు.

మురళీమోహన్‌కు ఫోను చేసి, మందు మంచిదేనని హైమవతి నాలుగుసార్లు క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత డాక్టరుగారు నరసింగరావు తల గోడవైపు తిప్పి పట్టుకోగా, ఐదేళ్ళలో మొదటిసారి అతని రక్తం తీసింది. నీలం మందు వేసింది. విరగలేదు. పసుపు మందు వేసింది. చక్కగా విరిగింది. నరసింగరావు బి గ్రూపు. ఆ పొద్దున్న భయం మానుకుని నిజాయితీగా తన రక్తమే ఇచ్చి ఉన్నా మూడు బ్లడ్ బ్యాంకులూ ఆగిపోయేవి. ఇన్నాళ్ళూ అక్కడి పరీక్షలు తప్పకుండా నడిచాయంటే అతను రోజూ తప్పు చేయబట్టే. డాక్టరుగారు ఆ స్లైడును రెండుసార్లు చూసి, మెమో రాయబోయిన కాగితం మడిచి పెట్టారు.

మర్నాటి నుంచి మిగతా ఇద్దరి రక్తం హైమవతి తన చేత్తోనే తీస్తోంది. ఎ గ్రూపు ట్యూబు మీద ఇప్పుడు దేవేంద్ర పేరే ఉంటుంది.

తన పదవి లాక్కున్నాడని నరసింగరావు నెల రోజులు దేవేంద్రతో మాట్లాడలేదు.

సుభద్రమ్మ, అరవై ఏడేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది రాజాంలో