ఆపినా ఆరని పలక

ఆ ఉదయం నర్సమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక్క రోజు వాడి చూడమని షాపువాడు ఇచ్చిన రెండు ఈ-రీడర్లలో, అంటే పుస్తకాలు చదువుకునే పలకల్లో, ఏది కొనాలో తేల్చుకుని, సాయంత్రం రెండోది తిరిగిచ్చేయాలి. అంతే. ప్రాణాలమీదికి వచ్చే వ్యవహారంలా అది పైకి ఏ కోశానా కనిపించలేదు.

ఆవిడ నిజానికి నర్సు కాదు. పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో పేషెంట్లను పిలవడం, పరికరాలు మరిగించడం, డాక్టరుగారికి కాఫీ కలపడం ఆవిడ పని. తెల్లకోటు వేసుకుంటుంది కాబట్టి అందరూ నర్సమ్మ అన్నారు, ఆవిడా కాదనలేదు. ఆవిడకున్న రహస్య వ్యసనం ఒక్కటే: అర్ధాంతరంగా ఆగిపోయిన ఒక హాస్పిటల్ సీరియల్. అది ఆగిపోయినా అభిమానులు ఊరుకున్నారా! అందులోని డాక్టరును పట్టుకుని ఎవరికి తోచినట్టు వాళ్లు ఫ్యాన్ ఫిక్షన్ రాసి నెట్‌లో పెట్టేశారు. వాటన్నిటినీ ఫోన్లో కుక్కి, కావలసిన కథ దొరక్క ఆవిడ కళ్లు కాయలు కాస్తున్నాయి.

అందుకని రెండు రీడర్లలోనూ కథలు ఎక్కించి, రకాన్నిబట్టి అరలు కట్టింది. బూడిదరంగుది చిన్నది, కోటు జేబులో ఇమిడిపోతుంది. నల్లదాంట్లో అరల పేర్లు కళ్లజోడు లేకపోయినా చదవగలిగినంత పెద్దగా ఉన్నాయి. నల్లదే నయమని తేల్చుకోబోతుండగా డాక్టరుగారి బూట్ల చప్పుడు వినిపించింది.

డాక్టరుగారికి సీరియళ్లంటే ఒళ్లుమంట. డ్యూటీలో సీరియల్ చూస్తోందని రిసెప్షన్‌లో పిల్లను ఉన్నపళంగా ఉద్యోగంలోంచి పంపేసిన మనిషి. ఈ వయసులో ఈ ఉద్యోగం ఊడితే ఇంకెవరు ఇస్తారు? చటుక్కున మీట నొక్కి నల్ల పలకను ఆపేసి, పరికరాల ట్రేలో పడేసి తువాలు కప్పింది. పాపం, ఆవిడకు తెలియనిదేమిటంటే అది ఫోను లాంటిది కాదు. ఆపేసినా ఆఖరి పేజీ తెరమీద అలాగే ఉండిపోతుంది.

కుర్చీలో ఒక పోస్ట్‌మాన్ పన్ను పీకించుకోవడానికి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. మత్తు సూది అప్పటికే పడింది. పటకారు కోసం డాక్టరుగారు తువాలెత్తారు. పెద్ద పెద్ద అక్షరాలు.

డాక్టర్‌కి నర్సుతో పెళ్లి.
డాక్టర్‌కి విషం.
డాక్టర్‌ని మెట్లమీంచి తోసేవి.
డాక్టర్ బతికి బయటపడేవి - ఖాళీ.

డాక్టరుగారు తువాలు మెల్లిగా కప్పేశారు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

'చూసేశారు! నా పని అయిపోయింది' అనుకుంది నర్సమ్మ. "సార్, అదీ... నాదేనండీ" అంది.

"తెలుసమ్మా, తెలుసు." ఇన్నేళ్లలో ఆయన ఆవిడను అమ్మా అనడం అదే మొదటిసారి. "నామీద నీకు కోపమేమైనా ఉందా?"

"అయ్యో, కోపమేంటి సార్! మీతోనే నా బతుకు."

ఆ మాటకు డాక్టరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. "నీకు సెలవు కావాలా? నెల్లాళ్లు తీసుకో. జీతమిస్తాను. ఇవాళే వెళ్లిపో, ఇప్పుడే."

నర్సమ్మకు అర్థమైపోయింది. గెంటేసే ముందు మర్యాద చేస్తున్నారన్నమాట! ఎలాగైనా ఆయన మనసు కరిగించాలి. లోపలికి పరిగెత్తి, పొగలుగక్కే కప్పుతో వచ్చింది. "ఇవాళ ప్రత్యేకంగా కలిపాను సార్. తాగండి."

"తర్వాత తాగుతాలే."

"చల్లారిపోతుంది సార్. ఒక్క గుక్క. నా కోసం."

ఆవిడ అటు తిరగగానే ఆయన దాన్ని పుక్కిలించే సింకులో పోసేశారు. ఆవిడ అద్దంలో చూసింది. నా చేతి కాఫీ కూడా పనికిరాకుండా పోయిందా అని ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మరో కప్పు కలిపి తెచ్చింది. ఎవరూ తాగడం లేదు కదా అని పోస్ట్‌మాన్ ఆశగా చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు! నీకు పిల్లలున్నారు!" అని డాక్టరుగారు కేకవేసి, పక్కగదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. ఫోన్లో భార్యతో ఆయన గుసగుస బయటికే వినబడింది. "వెంటనే రా. లిఫ్టులో రా, మెట్లదగ్గరికి పోకు."

భార్య వచ్చాకే ఆయన గడియ తీసి, ఆమె భుజం వెనకే నక్కి ట్రే వైపు వేలు చూపించారు. "అది చూడు. నన్ను చంపడానికి రకరకాలుగా పథకాలు రాసుకుంది!"

నర్సమ్మ నిర్ఘాంతపోయింది. "రామ రామ! పథకాలేంటండీ? కథలు! ఆగిపోయిన సీరియల్లో డాక్టరు మీద జనం రాసుకునే కథలు. డ్యూటీలో తెచ్చాను, తప్పయిపోయింది. ఉద్యోగం మాత్రం తీసేయకండి అమ్మగారూ!"

"కథలా!" డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. రెండో కప్పు అందుకుని ఒక్క గుక్కలో తాగేశారు. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. జీతం కూడా పెంచుతాను. ఎంత హడలిపోయానో!"

అమ్మగారు మాత్రం ట్రేలోంచి తీసిన ఆ పలక వదల్లేదు. "విషం కథలన్నీ చదివావా?" అన్నారు చిన్న గొంతుతో.

"అవే బాగుంటాయి అమ్మగారూ! రోజూ పొద్దున కాఫీలో చిటికెడు కలిపే కథ చూడాలి. ఆ డాక్టరుకు చివరిదాకా అనుమానమే రాదు. ఎవరు రాశారోగానీ ఇంట్లో చేసి చూసి రాసినట్టుంటుంది."

అమ్మగారి మొహం సిగ్గుతో ఎర్రబడింది. "నేనే. అన్నీ నేనే రాశాను. పొద్దున ఈయన పేపర్లోంచి తల ఎత్తరు. ఎదురుగా కూర్చుని ఏం చేయను మరి?"

డాక్టరుగారు ఖాళీ కప్పు అడుగులోకి ఒకసారి తొంగిచూశారు. "మరి... బతికి బయటపడే కథ ఒక్కటైనా రాయలేదా?"

"రాద్దామనే కూర్చుంటానండీ. రాదు."

సాయంత్రం షాపుకు ఒక్క పలకా తిరిగి వెళ్లలేదు. నల్లది అమ్మగారు ముచ్చటపడి తీసుకున్నారు. ఆపగానే అక్షరాలు పోయి పువ్వుబొమ్మ వచ్చే బూడిదరంగుది నర్సమ్మ జేబులోకి చేరింది. అప్పటిదాకా నోరు తెరుచుకునే ఉన్న పోస్ట్‌మాన్ పన్ను కూడా ఎట్టకేలకు ఊడింది.

డాక్టరుగారు మాత్రం ఇంట్లో కాఫీ మానేసి, నర్సమ్మ కలిపే కాఫీ కోసం క్లినిక్ ఒక గంట ముందే తెరుస్తున్నారు.